‘ఆ సమస్య’ గురించి ఫోన్లో వెతకడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లు నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది క్యాబిన్లు, ఒక్కోదానికి ముదురాకుపచ్చ కర్టెను, గంటకు 15 రూపాయలు. పగలంతా హాల్ టికెట్లు, రైలు రిజర్వేషన్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు. రాత్రి షట్టర్ దించే ముందు ఒక్కో సిస్టమ్‌లో హిస్టరీ తుడిచేవాణ్ని. తుడిచేటప్పుడు కళ్లు మూసుకోలేం కదా! ఎంసెట్ ర్యాంకుల మధ్య నుంచి ఆ మాటలు కనిపించేవి: ‘డేట్ దాటి పది రోజులు’, ‘తెల్లబట్ట వాసన’, ‘చిన్నగా ఉంది ఏం చేయాలి’, ‘నరాల బలహీనత మందు’. ఎవరు టైప్ చేశారో ఎప్పుడూ ఆరా తీయలేదు. వాళ్లు చివరికి ఏ పేజీ దగ్గర ఆగారో మాత్రం కంటపడేది. పదింట ఎనిమిది సార్లు అది మందు అమ్మేవాడి ఫోన్ నంబరున్న పేజీ.

సెంటర్ ఎప్పుడో మూసేశాను. ఇప్పుడు కర్టెను అక్కర్లేకుండా అందరి జేబులోనూ ఫోనుంది, వెతికే పద్ధతి మాత్రం అదే. మా అక్క ముప్పై ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. నాకు వెతకడం తెలుసు, తనకు జబ్బు తెలుసు. లైంగిక ఆరోగ్యం, నెలసరి, గర్భం లాంటి బయటికి అడగలేని సంగతుల గురించి ఇద్దరం కలిసి మా వాళ్లకు చెబుతూ వచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఆ ఫోను ఎవరిదో చూసుకోండి

మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకసారి వాళ్లమ్మ ఫోన్లో గర్భనిరోధక మాత్రల గురించి వీడియోలు చూసింది. తరగతిలో ఎవరో ఏదో అన్నారట, తెలుసుకుందామని. హాల్లో టీవీకి కూడా అదే అకౌంటు. సాయంత్రం నాన్న సీరియల్ పెట్టబోతే తెర నిండా అవే వీడియోల బొమ్మలు వరసకట్టాయి. ఎవరూ ఏమీ అనలేదు. తెల్లారేసరికి అమ్మాయి చేతికి ఫోను రాకుండా పోయింది.

కాబట్టి ఇంట్లో అందరూ వాడే ఫోనైతే ఇన్‌కాగ్నిటో విండో తెరిచి వెతకండి. అది చేసేదేమిటో, చేయనిదేమిటో తెలిసుండాలి. మీ ఫోన్లో హిస్టరీ మిగల్చదు, అంతే. కాలేజీ వైఫై నడిపేవాళ్లకు, ఆఫీసు నెట్‌వర్క్‌కు మీరు ఏ సైట్‌కు వెళ్లారో తెలిసే వీలుంది. అలాంటిచోట సొంత డేటా వాడండి. ఇన్‌కాగ్నిటోలో ఉండి కూడా అకౌంట్‌లోకి లాగిన్ అయితే ఆ అకౌంట్ గుర్తుపెట్టుకుంటుంది. తీసిన స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు గ్యాలరీలోనో ఫైళ్లలోనో పదిలంగా ఉండిపోతాయి. జనం మర్చిపోయేది ఎక్కువగా ఇదే.

ఫోను మీ ఒక్కరిదే అయితే గూగుల్ అకౌంట్‌లో ‘మై యాక్టివిటీ’కి వెళ్లి, 3 నెలలు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని.

2. మాట మార్చండి

ఈ మొత్తంలో ఇదే అసలు సంగతి. మీరు ఏ మాట కొడితే, ఆ మాట వాడేవాళ్లే మీకు జవాబు చెబుతారు. డాక్టర్ల మాట కొడితే డాక్టర్లు రాసింది వస్తుంది. గోడ పోస్టర్ మాట కొడితే ఆ పోస్టర్ అతికించినవాడే నెట్‌లోనూ ఎదురొస్తాడు.

‘నరాల బలహీనత’ తీసుకోండి. బస్టాండు మరుగుదొడ్ల గోడల మీద, రైల్వే గేట్ల దగ్గర పసుపు కాగితాల మీద చూసి చూసి మనకు అలవాటైన మాట. డాక్టర్ల లెక్కలో నరాల జబ్బంటే షుగరున్నవాళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కడం లాంటిది. పోస్టర్ల లెక్కలో మాత్రం అంగం గట్టిపడకపోవడం, త్వరగా అయిపోవడం, హస్తప్రయోగం వల్ల ఏదో పాడైపోయిందన్న భయం, అన్నీ అందులోనే. ఒకే గంపలో మూడు వేరు వేరు సంగతులు పడేసి, మూడింటికీ ఒకటే డబ్బా అమ్ముతారు. దాని బదులు ‘అంగస్తంభన సమస్య’ అనో, తెలుగు అక్షరాల్లోనే ‘ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్’ అనో కొట్టండి. అప్పుడు షుగరు, బీపీ, పొగతాగడం, రక్తనాళాలు, మానసిక ఒత్తిడి అన్న మాటలు కనిపించడం మొదలవుతాయి. నలభై దాటిన మనిషికి ఈ సమస్య షుగరుకు మొదటి గుర్తు కావచ్చు. డబ్బా కొనుక్కుని ఇంటికి పోయినవాడు చేయించుకోవలసిన రక్తపరీక్ష చేయించుకోకుండానే పోతాడు. అక్కకు కోపం తెప్పించేది కూడా అదే. ‘ఒరేయ్, వాడు తీసుకున్న డబ్బుల గురించి కాదురా, వాడు తినేసిన ఆర్నెల్ల గురించి’ అంటుంది.

వీర్యం పోతే ఒళ్లు పోతుందన్న భయం మన దేశంలో ఎంత పాతదంటే, 1960లో సైకియాట్రిస్ట్ ఎన్.ఎన్. విగ్ దానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరే పెట్టారు. నీరసం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం ఇవన్నీ ఆ భయం వల్ల నిజంగానే వస్తాయి. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమన్న లెక్క మాత్రం ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. హస్తప్రయోగం వల్ల నరాలూ పోవు, పిల్లలు పుట్టకుండానూ పోరు.

‘తెల్లబట్ట’ ఇంకొకటి. ఈ మాట కొడితే ఎముకలు కరిగిపోతాయని చెప్పే వీడియోలు తగులుతాయి. ఎముకలేవీ కరగవు. నెలసరికీ నెలసరికీ మధ్య కొంత తెల్లగా, జిగటగా కావడం ఆరోగ్యంగా ఉన్న ఒంట్లోనూ మామూలే. దురద, మంట, పెరుగు విరిగినట్టు రావడం, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ఉండటం, చేపల వాసన, ఇవి ఉంటే చూపించుకోవాలి. ‘వజైనల్ డిశ్చార్జ్’ అని తెలుగులో కొట్టినా ఫలితాలు ఎంత మారతాయో మీరే చూడండి.

‘నెల తప్పింది’ మరీ చిక్కు మాట. తెలుగులో దానికి అర్థమే కడుపు నిలబడిందని. అందుకే ‘నెల తప్పితే’ అని వెతికితే శుభాకాంక్షలు, పిల్లల పేర్లు, గర్భిణి ఏం తినాలి అన్నవన్నీ వస్తాయి. పెళ్లికాని పిల్ల అది చూసి బెదిరిపోతుంది. ‘పీరియడ్ ఆలస్యం కారణాలు’ అని కొడితే థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా), బరువులో మార్పు, పరీక్షల టెన్షన్ కూడా జాబితాలోకి వస్తాయి. అనుమానం ఉంటే యూరిన్ కిట్‌తో తేల్చుకోవచ్చు. డేట్ దాటాక పొద్దున్నే మొదటి మూత్రంతో చేయాలి, నెగెటివ్ వచ్చి ఇంకా పీరియడ్ రాకపోతే వారానికి మళ్లీ చేయాలి. ఆశా కార్యకర్తల దగ్గర ‘నిశ్చయ్’ పేరుతో ఉచితంగా ఉండేది ఈ కిట్టే.

మరో ముచ్చట. మా షాపు బోర్డు మీద ‘ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, జిరాక్స్, ఇంటర్నెట్’ అని ఉండేది. సెక్స్ ద్వారా సోకే జబ్బుల కోసం ఎస్‌టీడీ అని వెతికిన కుర్రాడికి ఊళ్ల ఫోన్ కోడ్‌లు వచ్చిన రోజులవి. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా ‘ఎస్‌టీఐ’ అంటున్నారు, మీరూ అదే కొట్టండి.

3. చెప్పేవాడికి అందులో ఏం మిగులుతుందో చూడండి

పేజీ చివరికంటా జరపండి. వాట్సాప్ నంబరు, ‘100% గ్యారంటీ’, ‘రహస్యంగా పార్సెల్’ కనిపిస్తే మూసేయండి. లైంగిక సామర్థ్యం పెంచుతామని, నెలసరి తేడాలు నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే నిషేధం. అంటే ఆ ప్రకటన ఇవ్వడంతోనే వాడు చట్టం దాటేశాడు. అలాంటివాడు డబ్బాలో ఏం పోశాడో మనకెలా తెలుస్తుంది?

నమ్మి చదవదగినవి: ప్రపంచ ఆరోగ్య సంస్థ సైటు, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైటు, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్. హెచ్ఐవీ, సుఖవ్యాధుల సంగతికి మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో. తెలుగులోనే చదవాలంటే ప్రభుత్వం వికాస్‌పీడియాలో ఆరోగ్య విభాగం ఉంది.

ఇంగ్లీషు పేజీ అయితే బ్రౌజర్‌లో తెలుగులోకి మార్చుకోవచ్చు. పని జరుగుతుంది కానీ ఆ తెలుగు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది. డిశ్చార్జ్‌ను ‘ఉత్సర్గ’ అంటుంది. పీరియడ్‌ను ‘కాలం’ అన్నా ఆశ్చర్యపోకండి. మందు మోతాదు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు అన్నవి మాత్రం అనువాదాన్ని నమ్మకుండా మూలంలో అంకెలు చూసుకోండి. ఇంకొక జాగ్రత్త: ఒంటి సంగతి ఏ దేశపు సైటులో చదివినా ఒకటే, చట్టం సంగతి అలా కాదు. అమెరికాలో అబార్షన్ గొడవల వార్త చదివి ఇక్కడ నేరమనుకున్నవాళ్లను చూశాను.

మన దగ్గర ఈ సంగతులు దాపరికం లేకుండా, హుందాగా తెలుగులో చెప్పే అలవాటు నెట్ కంటే ముందే ఉంది. విజయవాడ డాక్టర్ సమరం వారపత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు ఏళ్ల తరబడి జవాబులు రాశారు. ఆ పేజీని దిండు కింద పెట్టుకుని చదివిన తరం మాది. ప్రశ్న ఎంత వెర్రిగా ఉన్నా వెక్కిరించకుండా జవాబు చెప్పడం, ఏ మందూ అంటగట్టకపోవడం, నెట్‌లో ఏ పేజీనైనా నేను ఇప్పటికీ ఆ కొలతతోనే చూస్తాను.

మగపిల్లాడు పుట్టాలంటే ఏం తినాలి, స్కానింగ్‌లో ఎలా తెలుస్తుంది అన్న వీడియోల జోలికి పోకండి. పుట్టేది ఎవరో తేల్చేది తండ్రి వీర్యకణం, తిండి కాదు. లింగనిర్ధారణ 1994 చట్టం కింద నేరం. చేయించమని అడిగినవాళ్లకూ మూడేళ్ల దాకా జైలుంది.

4. ఆన్‌లైన్ డాక్టర్ నిజం డాక్టరేనా

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల్లో మాటిమాటికీ ‘ఆర్‌ఎంపీ’ అని ఉంటుంది. మన ఊళ్లలో ఆరెంపీ అంటే ఏ డిగ్రీ లేకుండా సూదులేసే పెద్దమనిషి. చట్టం భాషలో దానికి పూర్తిగా తిరగబడ్డ అర్థం: రిజిస్టరైన డాక్టరు. ఈ రెంటినీ కలిపేసుకుని ‘ఆరెంపీలకు ఆన్‌లైన్లో పర్మిషన్ ఇచ్చేశారట’ అని మా బాబాయి వాదించాడు కూడా.

ఆ నిబంధనల ప్రకారం ఫోన్లో వైద్యం చేసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును ప్రిస్క్రిప్షన్ మీద, వెబ్‌సైటులో, ఫీజు రశీదు మీద చూపించాలి. ఆ నంబరును జాతీయ వైద్య కమిషన్ సైట్‌లోని రిజిస్టర్‌లో కొట్టి చూడండి. పేరు సరిపోకపోయినా, నంబరు అడిగితే చిరాకుపడినా అక్కడితో ఆపేయండి. డబ్బు పెట్టలేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని ఉంది, డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు.

5. గంటల్లో తేల్చుకోవాల్సినవి ముందే తెలుసుకుని ఉంచుకోండి

కొన్ని జరిగాక వెతుకుదామంటే టైముండదు.

కండోమ్ చిరిగిందనుకోండి. అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత ముందు వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది తీసేయదు. 5 రోజుల్లోపు కాపర్-టీ వేయించుకున్నా పనిచేస్తుంది, నిజానికి మాత్ర కంటే బాగా పనిచేస్తుంది.

జనం దెబ్బతినేది ఇక్కడే. అత్యవసర మాత్రకూ, అబార్షన్ కిట్‌కూ పేర్లు దగ్గరగా ఉండే బ్రాండ్లున్నాయి. నెట్‌లో పేరు సగం చూసి, షాపులో సగం గొణిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. ప్యాకెట్ తిప్పి చూడండి. అత్యవసర మాత్ర మామూలుగా ఒక్కటే ఉంటుంది, దాని మీద లీవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. లోపల ఐదు మాత్రలుండి, మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అన్న పేర్లుంటే అది అబార్షన్ కిట్. దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, మనం కొనుక్కుని మింగకూడదు. గర్భం ట్యూబులో నిలిచిన మనిషి ఇలా మింగినా ఆ గర్భం పోదు, ట్యూబు పగిలి లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. అక్క డ్యూటీలో చూసిన కేసులివి. గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోయేంత రక్తం రెండు గంటలు వరసగా పోయినా, కళ్లు తిరిగినా, నొప్పి భరించలేకపోయినా నెట్ కట్టేసి 108కి ఫోన్ చేయండి.

హెచ్ఐవీ భయం ఉన్న సంఘటన జరిగితే దానికీ 72 గంటలే. వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే పెప్ అనే మందులు 28 రోజులు వాడాలి, గంటల్లో మొదలుపెడితే మేలు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలోనో హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోనో అడగాలి. మర్నాడే రక్తపరీక్ష చేయించుకుని నెగెటివ్ వచ్చిందని ఊరట పడకండి, మూడు నెలలకు మళ్లీ చేయించాల్సిందే. లైంగిక దాడి జరిగితే ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలన్నది చట్టం. ముందు పోలీసు కాగితం తెమ్మనడానికి వీల్లేదు.

6. అబార్షన్ గురించి చదివేటప్పుడు తేదీ చూడండి

నెట్‌లో సగం పేజీలు పాత చట్టంతోనే ఉన్నాయి. 1971 చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. బిడ్డలో తీవ్రమైన లోపముంటే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు తేలుస్తుంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, పెళ్లికాని ఆడవాళ్లనూ ఆ 24 వారాల వెసులుబాటు నుంచి వేరు చేయకూడదని చెప్పింది. మాత్రలతో చేసే పద్ధతి 9 వారాల లోపే.

18 దాటిన మనిషికి తన సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకమో నాన్న సంతకమో కావాలన్నది ఆసుపత్రుల అలవాటే తప్ప చట్టంలో లేదు. వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడవచ్చు. 18 లోపు పిల్లలకు పెద్దల సమ్మతి కావాలి, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు సమాచారమివ్వాల్సిన బాధ్యత డాక్టరు మీదుంది. అయితే పరస్పర ఇష్టంతో జరిగినదైతే, అమ్మాయీ పెద్దలూ కోరినప్పుడు పేరు చెప్పనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. ఈ ఒక్క వాక్యం తెలియక నాటుమందుల దాకా పోయినవాళ్లున్నారు.

7. ఇక ఫోను పక్కన పెట్టి

మాట్లాడటమే మొదటి అడుగనుకుంటే 1097. హెచ్ఐవీ, సుఖవ్యాధుల సందేహాలకు నాకో ఉచిత హెల్ప్‌లైన్, పేరు చెప్పనవసరం లేదు. భయం, దిగులు తినేస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416.

గుంటూరులోనైతే పెద్దాసుపత్రి, విజయవాడలోనైతే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ గది రెండుచోట్లా ఉంది. పరీక్ష ఉచితం, మీ సమ్మతి లేకుండా చేయకూడదు, ఫలితం మీకే చెప్పాలి. సమ్మతి, గోప్యత ఈ రెండూ 2017 హెచ్ఐవీ చట్టంలో రాసి ఉన్నాయి. కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రలు, కండోమ్‌లు ప్రభుత్వాసుపత్రుల్లో డబ్బులివ్వకుండా దొరుకుతాయి.

జనం వెనక్కి తిరిగి వచ్చేసేది చీటీ రాసే కిటికీ దగ్గర. వెనక ముప్పై మంది నిలబడి ఉంటారు, లోపలివాళ్లు ‘ఏం సమస్య?’ అని గట్టిగా అడుగుతారు. అక్కడ జబ్బు చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు ‘గైనిక్ ఓపీ’ అంటే చాలు. పుండు, మంట, చీము లాంటివైతే ‘స్కిన్ ఓపీ’ అనండి. చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ చూసేది ఒకే విభాగం. పక్కనున్నవాళ్లు తామరో గజ్జో అనుకుంటారు.

లోపలికెళ్లాక కూడా నోరు పెగలకపోతే అక్క చెప్పే ఉపాయం ఒకటుంది. ఇంట్లోనే తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: చివరి నెలసరి మొదలైన తేదీ, ఇబ్బంది ఎన్నాళ్ల నుంచి, ఏ మాత్రలు వేసుకున్నారు, ఏ మందులు పడవు. నెట్‌లో చదివిన జబ్బు పేరు రాయకండి, ఒంటికి జరిగేది రాయండి. కూర్చోగానే ఆ కాగితం చేతికిచ్చేయండి. అక్క సర్వీసులో అలాంటి చీటీలు చాలా వచ్చాయట. కొన్ని నోటుబుక్కులోంచి చింపినవి, ఒకటి మాత్రం రైలు టికెట్ వెనక రాసింది. చదివి, డాక్టరుకు చూపించి, మళ్లీ అదే మడతల్లో మడిచి వాళ్ల చేతికే ఇచ్చేసేదట.